జాబితాలో మొదటి ఊరు

ఆ అవ్వ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో మజ్జిగన్నం తింటున్నాను. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని ఎడమచేత్తో ఫోన్ ఎత్తాను.

"మే, గొర్రెల సంఘమేనా ఇది?"

"అవునవ్వా, చెప్పు."

"మా ఊరి పేరు యాడికి పోయింది?"

ఊరి పేరు పోవడమేమిటో నాకు వెంటనే తలకెక్కలేదు. అన్నం గిన్నె మూసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

అప్పట్లో నేను అనంతపురంలో గొర్రెల పెంపకందార్ల సంఘం ఒకదానిలో పని చేసేదాన్ని. దాణా అంగడి మిద్దె మీద రెండు గదులు, మూడు కుర్చీలు. వానలు ముఖం చాటేసిన ఆ ఏడు సంఘం వాళ్ళు బయటి నుంచి ఎండుమేత తెప్పించి, వారానికి కొన్ని ఊళ్ళ చొప్పున వంతుల మీద లారీలో పంపేవాళ్ళు. ఏ వారం ఏ ఊళ్ళకు వంతో చూపించే వెబ్‌సైట్ నేను రాసిందే. గోదాములో ఉండే మనిషి తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, అందులో ఉన్న ఊళ్ళకే మేత ఎత్తిస్తాడు. పేజీలో పేరు లేని ఊరికి లారీ పోదు.

అవ్వది కుందుర్పి వైపు చిన్న పల్లె. ఈ వారం వాళ్ళ వంతు అని దండోరా వేసినట్టు అందరికీ తెలుసు. లారీ మాత్రం పక్క ఊరిదాకా వచ్చి, అటునుంచి అటే తిరిగిపోయిందట.

"పేరు లేదని చెప్పి పోయినాడు పాపా, ఆ డ్రైవరు. నా గొర్రెల్లో శానా మటుకు సూడివి. ఇంగొక రెండు మూడు వారాలు ఆకూ అలమా పెట్టి నిలబెడతా. ఆమీద నాతో కాదు. సంతకు తోలాల్సిందే. సూడి గొర్రెల్ని కటికోళ్ళకు అమ్మమంటావా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క అడుగుతున్నట్టుంది. నేను నా కంప్యూటర్‌లో వెబ్‌సైట్ నడిపించి చూశాను. ఆ ఊరి పేరు శుభ్రంగా కనిపించింది.

"ఉండాదవ్వా. ఈడ నాకు కనిపిస్తాండాది."

"నీ కంప్యూటర్లో కనిపిస్తే ఏంటికి? నా గొర్రెలు వచ్చి నీ కంప్యూటర్లో మేస్తాయా?"

అంత తిన్నగా నన్ను ఎవరూ అడిగి ఉండలేదు. ఆ ప్రశ్నకు ఈనాటికీ ఆమెకు మనసులోనే దండం పెట్టుకుంటాను. అప్పుడు మాత్రం చిన్నబోయి, గోదాము మనిషి చూసినట్టే నా ఫోన్‌లో పేజీ తెరిచాను. అన్ని ఊళ్ళూ ఉన్నాయి. ఆ ఒక్కటీ లేదు.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. వెబ్‌సైట్ అంటే ఎక్కడో ఒక అద్దె కంప్యూటర్‌లో, దాన్నే సర్వర్ అంటాం, ఆగకుండా నడిచే ప్రోగ్రాం. దానికి కావలసిన చిన్నచిన్న ఫైళ్ళు కొన్ని ఉంటాయి. ఊళ్ళ జాబితా, పేజీ మీద కనిపించే మాటలు, సంఘం బొమ్మ. వాటిని విడివిడిగా పంపితే ఏదో ఒకటి తప్పిపోతుందని, ప్రోగ్రాంతో కలిపి అన్నింటినీ ఒకే మూటగా కట్టి సర్వర్‌కు ఎక్కిస్తాం. పొలానికి పోయేవాళ్ళు సంగటీ, ఊరిబిండీ, ఉల్లిగడ్డా ఒకే గుడ్డలో కట్టుకుని పోయినట్టు. సర్వర్ మీద ప్రోగ్రాంకు ఏది కావాలన్నా ఆ మూట విప్పి తీసుకుంటుంది. బయట ఎవరు ఏం వడ్డించినా దానికి పట్టదు.

మూట కట్టేది నేను. మూటలోకి పోయే ఊళ్ళ జాబితా తయారుచేసేది అన్న.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. ఆఫీసులో నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని అన్న. మోటారుసైకిల్ మీద ఊళ్ళు తిరిగి, ఏ ఊళ్ళో ఎన్ని జీవాలున్నాయో, ఎవరికి మేత అయిపోవచ్చిందో రాసుకొచ్చేవాడు. వచ్చి ఆఫీసులో అందరికీ అందే ఫోల్డర్‌లో జాబితా పెట్టేవాడు. సర్వర్‌లోకి పోయే పాస్‌వర్డు నాకూ అతనికీ మాత్రమే తెలుసు. పొద్దున నేను కంప్యూటర్ పక్కన చిన్న నరసింహస్వామి పటానికి దండం పెట్టుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా పూజారమ్మా, స్వామి లేచినాడా, సర్వర్ లేచిందా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అవ్వ ఫోన్ చేసిన మర్నాటి నుంచి ఆ నవ్వు నాకు రాలేదు.

"అన్నా, ఫలానా ఊరు పేజీలో రాలేదంట. జాబితాలో రాయడం మరిచిపోయినావా?"

"మరిచిపోయేదేంది? పెట్టినా గదమ్మా." అన్న సాక్సులు విదిలించుకుంటూ తలెత్తలేదు. "మళ్ళా కట్టి ఎక్కించు. నీ మూటే యాడనో చిరిగినట్టుండాది."

మళ్ళీ కట్టాను. ఎక్కించాను. ఫోన్‌లో చూశాను. పేరు రాలేదు. నా కంప్యూటర్‌లో చూశాను. ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి పోయేలోగా ఒక ఊరు మాయమవుతోందంటే దారిలో ఎవరో తీసేస్తున్నట్టే కదా.

రెండో వారం అవ్వ మళ్ళీ ఫోన్ చేసింది. మొన్నటి సంతలో నాలుగు గొర్రెలు అమ్మేశానని చెప్పింది. మిగతావి అరుపులు ఆపేశాయట. ఆకలికి అలవాటు పడ్డ జీవం అరవదని ఆమె చెప్తేనే నాకు తెలిసింది.

"పాపా, ఆడ లిస్టు రాసేది ఎవురు?"

నేను అన్న గురించి చెప్పాను. ఏ ఊరతనో కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"వాడా!" అంది. "వాడు మా పక్కూరోడే గదే. కొండ కింద బీడు మాదంటే మాదని వాళ్ళకూ మాకూ మాటల్లేవు. మా గొర్రెలు ఆ పక్కకు పోతే రాళ్ళేసినారు. ఇంగ నాకర్థమైంది."

"అట్లా అనుకోవద్దవ్వా. చూస్తాండా నేను."

"వాడు గాక ఎవురు తీసింటారో నువ్వే చెప్పు."

నేను మాట్లాడలేదు. ఫోన్ అవతల ఆమె నా జవాబు కోసం ఊపిరి బిగబట్టి ఉందని తెలుస్తూనే ఉంది. అయినా నోరు తెరవలేదు. "సరేలే," అని ఆమే పెట్టేసింది.

ఆ రోజు నుంచి నేను అన్నను చూసే చూపు మారింది. అతను ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడితే చెవులు రిక్కించాను. బల్ల మీద మడిచిపెట్టిన కాగితం ఉంటే, అతను టీకి దిగిపోయినాక విప్పి చూశాను. గొర్రెలకు నట్టల మందు చీటీ. నాకు మునగకాయలు తెచ్చి ఇచ్చాడు ఒకరోజు. తీసుకున్నాను గానీ, ఉన్నట్టుండి ఈ మంచితనం ఏమిటా అనుకున్నాను. నిజానికి అతను అంతకు ముందూ తెచ్చి ఇచ్చేవాడు.

శనివారం నేను ఒంటిపూట ఉంటాను. ఆ శనివారం ఇంట్లో దీపం పెట్టి, "స్వామీ, ఆ పేరు తీసేవాణ్ణి నా కళ్ళకు చూపించు," అని అడిగాను. పేరు తిరిగి రావాలని అడగలేదు. ఆ తేడా అప్పుడు నాకు తోచలేదు. ఆఫీసుకు పోయి సర్వర్ పాస్‌వర్డు మార్చేశాను, అన్నకు చెప్పకుండా.

మధ్యాహ్నానికి అతను వచ్చాడు. "ఏమ్మా, సర్వరు నన్ను లోపలికి రానిస్తా లేదే. నువ్వేమన్నా మార్చినావా?"

"పైవాళ్ళు మార్చమన్నారన్నా. మళ్ళా చెప్తా."

ఉపవాసం ఉన్న నోటితో అబద్ధం చెప్పాను. అన్న మాత్రం "సరే కానీ, నాకేం పని లేలే అందులో," అని పోయాడు. పని లేకపోతే మరి ఎందుకు లోపలికి పోవాలనుకున్నాడు? అది పట్టుకున్నాను నేను.

కొత్త పాస్‌వర్డుతో మళ్ళీ మూట కట్టి ఎక్కించాను. ఇప్పుడు సర్వర్‌లోకి పోగలిగేది నేనొక్కదాన్నే. పేజీ తెరిచాను. పేరు లేదు.

తాళం మార్చినా వస్తువు పోయిందంటే, ఇన్నాళ్ళూ అనుమానించిన మనిషిని వదిలెయ్యాలి. ఎవరైనా అదే చేస్తారు. నేను మాత్రం అతని దగ్గర దొంగ తాళంచెవి ఉందనుకున్నాను.

చివరికి సర్వర్ మీదున్న మూటనే వెనక్కి దించుకుని, విప్పి, లోపలున్న జాబితా తెరిచాను. ఆ ఊరి పేరు ఉంది. మధ్యలో ఎక్కడో కూడా కాదు, అన్నిటికంటే పైన, మొట్టమొదట. లోపల ఉంది, బయట లేదు. ఇదేం మాయ?

ఇంకోసారి చూస్తే ఇంకొకటి కనిపించింది. జాబితా తల మీద శ్రీ లేదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. గోరంట్లలో మాది చిల్లర అంగడి. వెనక గదిలో మూటల మధ్య చాప వేసి నాయన నాకు అక్షరాలు నేర్పించాడు. కూడికలు, తీసివేతలు, పద్యాలు, ఇంగ్లీషు కూడా తనకు వచ్చినంత ఆయనే. తర్వాత మామ ఒక పాత కంప్యూటర్ తెచ్చి పడేస్తే పుస్తకాలు చూసి ప్రోగ్రాం రాయడం ఆ గదిలోనే నేర్చుకున్నాను. పలక మీద గానీ కాగితం మీద గానీ పైన శ్రీ రాయకుండా ఒక్క అక్షరం రాస్తే నాయన ఒప్పుకునేవాడు కాదు. సరుకుల చీటీ అయినా, బంధువులకు ఉత్తరమైనా, పైన శ్రీ, దాని కింద విషయం. అందుకే నేను తయారుచేసే ప్రతి ఫైలుకూ మొదటి వరుసలో శ్రీ ఒక్కటే ఉంటుంది. రెండో వరుస నుంచే పని మొదలవుతుంది. అట్లా రాయడం వల్లే నా పని సాఫీగా సాగుతోందని నాకొక నమ్మకం, కృతజ్ఞత.

ఊళ్ళ జాబితా కూడా మొదట నేను చేసిందే. శ్రీ పెట్టే చేశాను. అన్న అందులోనే మార్పులు చేస్తున్నాడనుకున్నాను. ఇది నాది కాదు. నా ఫైలు తీసి పారేసి, చెప్పకుండా తనది పెట్టాడు. ఆ ఊరి పేరు ఎవరు విప్పి చూసినా కనబడేలా పైన పెట్టి, లోపల ఏదో తిరకాసు చేశాడు. శ్రీ తీసెయ్యడానికి చెయ్యాడినవాడికి ఊరి పేరు తీసెయ్యడం ఎంత సేపు?

బుధవారం నేను కార్యదర్శి గారి దగ్గరకు పోయాను. పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మాట తక్కువ.

"అనుమానమా, తెలిసిందా?" అన్నాడు అంతా విని.

"మూటలో జాబితా మార్చినారు సార్. నాకు చెప్పలేదు. ఆ ఊరికీ వాళ్ళ ఊరికీ తగాదా ఉండాదంట."

ఆయన అన్నను పిలిపించాడు. నన్ను పొమ్మనలేదు. నేను గోడవారగా నిలబడ్డాను.

"జాబితా మార్చినావా నువ్వు?"

"మార్చినా సార్. కొత్తగా రాసినా. పాతది అక్షరాల వరసలో ఉండె. అట్లా ఉంటే ఎవురికి అవసరమో తెలీదు గదా. అందుకే మేత అయిపోయినోళ్ళను పైనా, రవంత నిలవ ఉన్నోళ్ళను కిందా పెట్టినా."

"ఆ పల్లె?"

"అది అన్నిటికంటే పైన పెట్టినా." అన్న అప్పుడు నా వైపు చూశాడు. ఎందుకు పిలిచారో అర్థమైనట్టుంది. "వాళ్ళకూ మా ఊరోళ్ళకూ పడదు సార్. అది నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. రేపు పొద్దున ఎవురూ ఒక మాట అనకూడదని, వాళ్ళనే మొదట రాసినా. మొదట రాసినా మాట పడితిని చూడు."

కార్యదర్శి గారు గడ్డం గోక్కున్నాడు. "తేలేదాకా రెండు రోజులు ఇంటికాడ ఉండప్పా."

"ఉంటా లేండి." అన్న ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగి, "ఏమ్మా పూజారమ్మా, నన్నడిగింటే చెప్పేవాణ్ణి గదా," అన్నాడు. ఈసారి నవ్వలేదు. నేనెప్పుడూ అతన్ని సూటిగా అడగలేదు. రెండు వారాలు కాగితాలు విప్పి చూశాను, చెవులు రిక్కించాను. అడగడం ఒక్కటీ చెయ్యలేదు.

గురువారం పొద్దున దీపం ముందు కూర్చుంటే ఒక మాటే చెవిలో తిరుగుతోంది. మొదట రాసినా. మొదట రాసినా.

పూజ మధ్యలోనే లేచాను. అట్లా లేవడం నాకు అదే మొదలు. ఆఫీసుకు పోయి, మూటలోంచి జాబితా తీసి చదివే నా ప్రోగ్రాం ముక్క తెరిచాను. ఎప్పుడో రాసింది, తర్వాత ఎన్నడూ తిరిగి చూడనిది. ఫైలు తెరువు, మొదటి వరుస వదిలెయ్యి, రెండో వరుస నుంచి ఒక్కో వరుస ఒక్కో ఊరు అనుకో. అదీ నేను దానికి చెప్పింది. నా ఫైళ్ళన్నిటికీ మొదటి వరుసలో శ్రీ ఉంటుంది కాబట్టి, అది ఊరి పేరులా పేజీ మీద కనిపించకుండా దాటెయ్యమని చెప్పాను. లోకంలో అందరి కాగితాల మీదా శ్రీ ఉంటుందన్నట్టు.

అన్న రాసిన జాబితాకు శ్రీ లేదు. మొదటి వరుసలో ఆ పల్లె ఉంది. నా ప్రోగ్రాం అదే శ్రీ అనుకుని వారం వారం దాటేసి పోయింది.

మరి నా కంప్యూటర్‌లో పేరు ఎందుకు కనిపించింది? అదీ వెతికాను. నా కంప్యూటర్‌లో నడిపినప్పుడు ప్రోగ్రాం మూట దాకా పోవడమే లేదు. ముందు నా సొంత ఫోల్డర్‌లో చూస్తుంది. అక్కడ నేను శ్రీ పెట్టి చేసిన పాత జాబితా అట్లాగే ఉంది, ఆ పల్లె పేరు మధ్యలో ఎక్కడో. సర్వర్ మీద నా ఫోల్డర్ ఉండదు, మూట ఒక్కటే ఉంటుంది. రెండు వారాలుగా నేను చూసి ధైర్యం చెప్పుకున్నది పాత కాగితాన్ని. ఊళ్ళ వరస వేరుగా ఉందని కూడా గమనించలేదు. దొంగను వెతికే కళ్ళకు పేరు ఉందా లేదా అన్నదే కనిపించింది.

ప్రోగ్రాంలో మొదటి వరుస వదిలెయ్యమన్న ఆ ఒక్క వరుస తీసేశాను. మొదటి వరుసలో శ్రీ ఉంటేనే దాటు, లేకపోతే దాన్నీ ఊరిగా చదువు అని రాశాను. మూట కట్టి ఎక్కించి ఫోన్ తెరిచాను. ఆ పల్లె అన్నిటికంటే పైన నిలబడి ఉంది.

మెట్లు దిగి కార్యదర్శి గారింటికి నడిచే పోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"దేవుని పేరు రాసుకో, ఎవరొద్దన్నారు. అందరూ రాస్తారని ఎందుకనుకున్నావమ్మా?" అని, అక్కడే గోదాముకు ఫోన్ చేసి ఆ పల్లెకు రెండు వారాల మేత రేపు పొద్దున్నే పోవాలని చెప్పాడు. ఆ మాటకు నేను ఆయనకు చేతులెత్తి మొక్కాను. తర్వాత అవ్వకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు శుక్రవారం. సంత.

అన్న ఇంటికి కూడా పోయాను. అతను వాకిట్లో మోటారుసైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు. నేను చెప్తుంటే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"అంటే నీ శ్రీ లేదని ఆ అవ్వోళ్ళ ఊరును మింగేసిందా నీ ప్రోగ్రాము?"

"అవునన్నా. తప్పు నాదే."

"నాకు చెప్పినావు, సార్‌కు చెప్పినావు. ఆ ఊర్లో ఎవురు చెప్తారు?" అన్నాడు. గుడ్డ పక్కన పడేసి, "రేపు లారీతో నేనూ వస్తా. నువ్వూ రా. నీ నోటితో చెప్పు."

శుక్రవారం తెల్లవారి లారీ ముందు సీట్లో డ్రైవరుకూ అన్నకూ పక్కన ఇరుక్కుని పోయాను. దారి పొడవునా చేలు ఎర్రగా, దున్ని వదిలేసినవి. పల్లె చేరేసరికి అవ్వ దొడ్డి ముందు టెంపో ఆగి ఉంది. వెనక తలుపు దించి ఉంది. అప్పటికే రెండు గొర్రెల్ని ఎక్కించారు. ఫోన్‌లో విన్న గొంతును బట్టి భారీ మనిషి అనుకున్నాను. బక్కగా, పొట్టిగా, తలకు తువాలు చుట్టుకుని ఉంది.

లారీని చూసి ఆమె ముఖం వికసించింది. అందులోంచి అన్న దిగడం చూసి మళ్ళీ ముడుచుకుంది.

"వీడెందుకొచ్చినాడు?"

నేను ముందుకు పోయాను. "అవ్వా, ఫోన్‌లో మాట్లాడింది నేనే. అన్న ఏమీ చెయ్యలేదు. మీ ఊరిని మొదట రాసింది ఆయనే. నా ప్రోగ్రాము మొదటి వరుసను వదిలేసింది. తప్పు నాది." అక్కడ గుమిగూడిన వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పాపను గూడా కలుపుకున్న్యాడు," అంది పక్కనున్న ఆడమనిషితో. "పాపం, ఏం చెప్పమంటే అది చెప్తాండాది."

"లేదవ్వా, స్వామి మీద ఒట్టు."

"ఒట్టు ఎందుకు పాపా నీకు? ఆపొద్దు నేను అడిగితే ఊరుకున్న్యావే. వాడు కాకపోయింటే అప్పుడే చెప్పుండవా?"

ప్రోగ్రాంలో ఒక వరుస తీసేశాను, పేరు వచ్చేసింది. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడకుండా ఊరుకున్నదాన్ని తీసెయ్యడానికి అట్లాంటి చోటు ఎక్కడా లేదు.

అన్న లారీ వెనక తాడు విప్పి వేరుశనగ కట్టె మోపు ఒకటి కిందికి దించాడు. అవ్వ అడ్డమొచ్చింది.

"ఆగప్పా. నువ్వు తెచ్చిన మేత నా గొర్రెలకు ఊరికే వెయ్యను. అందులో ఏముందో ఎవురికి తెలుసు?"

"ఏముంటాది అవ్వా, చెనిక్కాయ కట్టె. కావాలంటే నేను తింటా చూడు." అన్న గుప్పెడు ఎండాకు తీసి నోట్లో వేసుకుని నమిలాడు. దుమ్ముకు దగ్గు వచ్చింది.

"నువ్వు తింటే ఏమొచ్చె? నువ్వు ఏమైనా తింటావు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అన్న కూడా దగ్గుతూనే నవ్వాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. దొడ్డిలోకి పోయి ఒక ముసలి గొర్రెను మెడ పట్టి లాక్కొచ్చింది. ఈనడం మానేసిన గొర్రె. మోపులోంచి ఒక పిడికెడు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, రెండు ఆకులు నలిపి నాలుకకు ఆనించుకుంది, అప్పుడు గొర్రె ముందు వేసింది. అది తల వంచి తినసాగింది. ఆపలేదు. దొడ్డిలో ఉన్నవన్నీ వాసన పట్టి కంచెకు ఎగబడ్డాయి.

టెంపో డ్రైవరు గడియారం చూసుకున్నాడు. "అవ్వా, సంత అయిపోతాది. ఎక్కిస్తావా, పోదునా?"

"ఉండప్పా. అది నెమరేస్తేనే మేత మంచిదని లెక్క. అందాకా ఎవురూ కదలొద్దు."

నేను పోయి లారీ నీడలో నిలబడ్డాను. అన్న మోపు మీద కూర్చోబోయి, ఏమనుకున్నాడో మానేశాడు. కొంగు తడిసేంత ఎండ. పిల్లల్ని కడుపులో మోస్తున్న గొర్రెలు కంచెలోంచి మూతులు పెట్టి అరిచాయి. వాటికి అరిచే ఓపిక ఇంకా మిగిలి ఉందని విని స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను. అవ్వ ముసలి గొర్రె పక్కన గొంతుక్కూచుని, దాని పొట్ట మీద చెయ్యి పెట్టి, కళ్ళు అన్న మీద పెట్టి చూస్తూనే ఉంది. అట్లా ఎంతసేపో. గొర్రె ముందుకాళ్ళు మడిచి కూలబడింది. ఏమో, నేనూ అన్న ముఖం వైపే చూశాను. అప్పుడు కూడా చూశాను, ఆ మాట రాయకుండా దాటెయ్యలేను.

గొర్రె దవడ కదిలింది. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు.

అవ్వ లేచి కోక దులుపుకుంది. టెంపో దగ్గరకు పోయి, ఎక్కించిన రెండు గొర్రెల్నీ చెవులు పట్టి తనే దించుకుంది.

"నువ్వు పోప్పా," అంది డ్రైవరుతో.

అన్నతో ఏమీ అనలేదు. కంచె తడిక మాత్రం తీసి పక్కకు జరిపింది. అన్న రెండో మోపు భుజాన ఎత్తుకుని ఆమె ముందునుంచే దొడ్డిలోకి పోయాడు.